లోహశోధిని – సంరక్షణ

పాఠ్యభాగ ఉద్దేశం

శాస్త్రసాధనాలు మానవుని ఇంద్రియశక్తిని విస్తరింపజేస్తాయి. కంటికి కనిపించనిదాన్ని చూపుతాయి. చెవికి వినిపించనిదాన్ని వినిపిస్తాయి. అయితే సాధనాన్ని సంపాదించుకున్నంత మాత్రాన ప్రయోజనం చేకూరదు. దాని స్వభావాన్ని ఎరిగి, శ్రద్ధతో కాపాడుకున్నప్పుడే అది ఆపదలో అక్కరకు వస్తుంది. భూమిలో దాగిన లోహాన్ని కనిపెట్టే మెటల్ డిటెక్టర్‌ను దుమ్ము, ఇసుక, తడి అనే మూడింటి నుండి ఎట్లా రక్షించుకోవాలో వివరిస్తూ, విద్యార్థులలో శాస్త్రీయ దృష్టిని, వృత్తి పట్ల బాధ్యతను పెంపొందించడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠ్యభాగం

కృష్ణా తుంగభద్రల నడుమనున్న భూభాగాన్ని ప్రజలు నడిగడ్డ అని పిలుచుకుంటారు. గద్వాల, అలంపూరు ఈ నడిగడ్డలోనివే. కృష్ణానదిని దాటితే వనపర్తి ప్రాంతపు ఎర్రచెల్కలు, వేరుశనగ పొలాలు కనిపిస్తాయి. ఇంకా తూర్పునకు సాగితే నాగర్‌కర్నూలు మీదుగా నల్లమల అడవులు మొదలవుతాయి. పూర్వం మహబూబ్‌నగర్ జిల్లాలో భాగాలైన ఈ ప్రాంతాలు 2016 అక్టోబరు 11న జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలుగా ఏర్పడ్డాయి. ఎండాకాలంలో మట్టిబాటల మీద లేచే ఎర్రదుమ్ము, నదీతీరాల ఇసుక, వానకాలంలో అడవిని కమ్ముకొనే చెమ్మ ఇక్కడి ప్రకృతిలో భాగాలు. మనుషులు వీటికి అలవాటుపడతారు. సున్నితమైన యంత్రాలు మాత్రం అలవాటుపడవు.

ఈ నేలకు ఒక విషాదస్మృతి కూడా ఉంది. 1993లో కొల్లాపూరు సమీపాన సోమశిల వద్ద మందుపాతర పేలి, నాటి మహబూబ్‌నగర్ జిల్లా పోలీసు సూపరింటెండెంటు పరదేశినాయుడు, ఆయన వెంట ఉన్న మరికొందరు పోలీసులు ప్రాణాలు కోల్పోయారు. నల్లమల పరిసరాలలో మందుపాతరల భయం అటు తరువాత కూడా చాలాకాలం వెన్నాడింది. అటువంటి దారులలో అందరికంటె ముందు నడిచే బృందం చేతిలో ఉండే ముఖ్యసాధనం మెటల్ డిటెక్టర్. దీనినే లోహశోధిని అని తెలుగులో చెప్పుకోవచ్చు. ఆ సాధనం ఒక్క క్షణం పొరబడితే దాని వెనుక నడిచేవారి ప్రాణాలకే ముప్పు. కనుక దాని సంరక్షణను చిన్న విషయంగా భావించరాదు.

లోహశోధిని పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోదగినవి. 1831లో మైకేల్ ఫారడే విద్యుదయస్కాంత ప్రేరణను కనుగొన్నాడు. మారుతున్న అయస్కాంత క్షేత్రం సమీపంలోని వాహకంలో విద్యుత్తును పుట్టిస్తుందన్నది ఆ సూత్రసారం. ఈ సూత్రంతో మనిషి ప్రాణాన్ని నిలబెట్టాలని యాభై ఏండ్ల తరువాత ఒక ప్రయత్నం జరిగింది. 1881 జూలై 2న అమెరికా అధ్యక్షుడు జేమ్స్ గార్‌ఫీల్డ్‌పై ఒక దుండగుడు కాల్పులు జరిపాడు. శరీరంలో దిగిన గుండు ఎక్కడున్నదో వైద్యులకు అంతుపట్టలేదు. టెలిఫోను సృష్టికర్త అలెగ్జాండర్ గ్రహంబెల్ తీగచుట్టలతో ఒక పరికరాన్ని రూపొందించి అధ్యక్షుని పడకగదికి తెచ్చాడు. ప్రయోగశాలలో చక్కగా పనిచేసిన ఆ పరికరం అక్కడ అస్పష్టమైన ధ్వనులే వినిపించింది. పరుపులోని ఉక్కుతీగలు దానిని తికమక పెట్టాయి. పైగా, వైద్యులు శరీరంలో కుడిభాగాన్ని మాత్రమే వెదకనిచ్చారు. సెప్టెంబరు 19న గార్‌ఫీల్డ్ మరణించాడు. పరికరం చుట్టూ ఉన్న పరిస్థితులు అనుకూలించకపోతే ఎంతటి మేధావి నిర్మాణమైనా విఫలమవుతుందని ఆ సంఘటన చాటిచెప్పింది.

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో ఈ విద్య మరొక మెట్టు ఎక్కింది. స్కాట్లాండులో తలదాచుకొన్న పోలండు సైన్యానికి చెందిన యోజెఫ్ కొసాట్‌స్కీ అనే లెఫ్టినెంటు 1941లో మందుపాతరలను వెదకే పరికరాన్ని తయారుచేశాడు. ఒక్క సైనికుడే మోయగలిగేటంత తేలికైన పరికరం అది. 1942లో ఈజిప్టులోని ఎల్ అలమీన్ వద్ద జరిగిన పోరులో సుమారు 500 పరికరాలను వాడారు. అంతకుముందు గంటకు 100 చదరపు మీటర్ల నేలను మాత్రమే వెదకగలిగినవారు, వాటి సాయంతో 200 చదరపు మీటర్లు వెదకగలిగారు. కొసాట్‌స్కీ తన ఆవిష్కరణకు పేటెంటు హక్కు కోరలేదు. దానిని ఉచితంగా బ్రిటిషు సైన్యానికి అందించాడు. ఎడారి ఇసుకలో తొలి పెద్ద పరీక్షను ఎదుర్కొన్న సాధనం అదే ఇసుకకు లోబడి పాడవుతుంటే చూస్తూ ఊరుకోవడం తగునా?

సంరక్షణను గూర్చి తెలుసుకొనే ముందు పరికరం పనిచేసే తీరును గ్రహించాలి. కర్ర చివరనున్న పళ్లెం వంటి భాగంలో రాగి తీగచుట్టలు ఉంటాయి. ఒక చుట్టలో మారుతున్న విద్యుత్తు ప్రవహిస్తూ నేలలోకి అయస్కాంత క్షేత్రాన్ని పంపుతుంది. నేలలో లోహముంటే దానిలో సుడులవంటి చిన్న విద్యుత్ ప్రవాహాలు పుడతాయి. వాటినే భౌతికశాస్త్రంలో ఎడ్డీ ప్రవాహాలు అంటారు. ఆ ప్రవాహాలు తిరిగి ఒక బలహీనమైన అయస్కాంత క్షేత్రాన్ని కలిగిస్తాయి. రెండవ చుట్ట దానిని పసిగట్టి పిడిదగ్గరి పెట్టెకు చేరవేస్తుంది. అక్కడ అది ధ్వనిగా మారి మన చెవిని చేరుతుంది. అంటే ఈ సాధనం వెదకేది అతిసూక్ష్మమైన మార్పును. అందుచేత ఒక అతుకు వదులైనా, ఒక మొనకు తుప్పు పట్టినా, తీగచుట్టలోకి ఒక బొట్టు నీరు దిగినా అది రెండు రకాలుగా పొరబడుతుంది. లోహం లేనిచోట మోగడం మొదటిది. లోహం ఉన్నచోట మౌనంగా ఉండడం రెండవది. మొదటి పొరపాటు కాలాన్ని హరిస్తుంది. రెండవది ప్రాణాన్నే హరించవచ్చు. మొదటిది కూడా తీసిపారవేయదగినది కాదు. మాటిమాటికీ వృథాగా మోగే పరికరంపై మనిషికి నమ్మకం సడలుతుంది. నమ్మకం సడలినవాడు నిజమైన హెచ్చరికను కూడా పెడచెవిన పెడతాడు.

ముందుగా దుమ్మును గూర్చి తెలుసుకొందాం. వేసవిలో మట్టిబాటపై ఒక వాహనం వెళితే లేచే దుమ్ము చాలాసేపటి వరకు గాలిలో తేలుతూ ఉంటుంది. ఆ రేణువులు మీటల సందులలోకి, చెవిగొట్టం తీగ గుచ్చే రంధ్రంలోకి, బ్యాటరీ గది మూత అంచులలోకి చేరుతాయి. పొడిగా ఉన్నంతసేపు వాటివల్ల మీటలు బిగుసుకుపోవడం, అతుకులు సరిగా ఆనకపోవడం వంటి ఇబ్బందులే కలుగుతాయి. వాటికి కాస్త చెమ్మ తోడైతే అసలు చిక్కు మొదలవుతుంది. తడిసిన దుమ్ములోని లవణాలు కరిగి విద్యుత్తుకు దొంగదారి ఏర్పరుస్తాయి. అందుచేత దుమ్మును ఏనాటికానాడే తొలగించాలి. మెత్తని కుంచెతోనో, చేతితో నొక్కే రబ్బరు బుడ్డి గాలితోనో సందులను శుభ్రపరచాలి. వాహనాల మరమ్మతు దుకాణాలలో ఉండే కంప్రెసర్ గాలిని పట్టించడం సౌకర్యంగా తోస్తుంది గాని అది హానికరం. ఆ వేగానికి పైనున్న దుమ్ము లోలోపలికి దూరుతుంది. అంతేకాక ఆ గాలిలో నీటితుంపర, నూనె కలిసి ఉండవచ్చు. పైభాగాన్ని తడిపి పిండిన మెత్తని గుడ్డతో తుడిస్తే చాలు. పెట్రోలు, రంగులను పలచబరచే థిన్నరు వంటివి ప్లాస్టిక్కును పాడుచేస్తాయి కనుక వాటిని దరిచేరనీయరాదు.

పని చేస్తున్నపుడు సైతం కొన్ని జాగ్రత్తలు పాటించాలి. వాడని రంధ్రాలకు రబ్బరు మూతలు బిగించాలి. పిడిదగ్గరి పెట్టెకు జిప్పుగల గుడ్డ తొడుగు వేయాలి. దుమ్ము లేచేచోట బ్యాటరీ గదిని తెరవరాదు. తప్పనిసరి అయితే వాహనం లోపలనో, గాలి తగలని చోటనో మాత్రమే తెరవాలి.

ఇసుక స్వభావం వేరు. దుమ్ము చొరబడుతుంది, ఇసుక ఒరుసుకుపోతుంది. లోహశోధిని కర్ర రెండు మూడు గొట్టాలుగా విడివడి, ఒకదానిలో ఒకటి ఇమిడేటట్లు ఉంటుంది. ఆ గొట్టాల నడుమ ఇసుక చేరితే ప్రతి కదలికకూ గీతలు పడతాయి. బిగించే మరలు అరుగుతాయి. ఒక్కొక్కసారి గొట్టాలు విడదీయరానంతగా బిగుసుకుపోతాయి. అప్పుడు బలం ఉపయోగిస్తే విరుగుతాయి. కనుక నదీతీరంలో పని ముగిసిన వెంటనే గొట్టాలను విడదీసి, కడిగి, ఆరబెట్టాలి. అయితే కడగడానికి ముందు ఎలక్ట్రానిక్ పెట్టెను వేరుచేయాలి. వేరుచేయడానికి వీలులేని నమూనా అయితే పెట్టెకు నీరు తగలకుండా తీగచుట్ట వైపు భాగాన్నే తుడవాలి.

తీగచుట్ట పళ్లేనికి అడుగున ఒక ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. రాళ్లు గీరుకొనకుండా అది కాపాడుతుంది. చాలామంది దానిని ఒకసారి తొడిగిన తరువాత మళ్లీ విప్పరు. తొడుగుకూ పళ్లేనికీ మధ్య ఇసుక పేరుకుంటుంది. నదీతీరపు ఇసుకలో అక్కడక్కడ నల్లని మెరుపు చారలు కనిపిస్తాయి. ఆ నల్లరేణువులలో మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం ఉండవచ్చు. ఒక అయస్కాంతాన్ని ఇసుకలో దొర్లిస్తే అవి దానికి అంటుకొంటాయి. అటువంటి రేణువులు తీగచుట్టకు ఆనుకొని ఉంటే పరికరం తన అడుగున ఉన్న ఇసుకనే నేలలోని లోహమని భ్రమించి మోగుతుంది. గార్‌ఫీల్డ్ పరుపులోని ఉక్కుతీగల కథ చిన్నపాటి రూపంలో ఇక్కడ పునరావృతమవుతుంది. వారానికొకసారి, ఇసుకలో పనిచేసిననాడు తప్పనిసరిగా, తొడుగును విప్పి రెండింటినీ శుభ్రపరచాలి. తొడుగుకు పగులు వస్తే మార్చాలి. పళ్లేనికే పగులు వస్తే దానిని వాడుక నుండి తప్పించి నిపుణులకు చూపించాలి. ఆ పగులులో దిగిన తడి తీగచుట్ట విద్యుత్ స్వభావాన్నే మార్చివేస్తుంది.

మూడింటిలోనూ మిక్కిలి ప్రమాదకరమైనది తడి. అది కంటికి కనిపించకుండా వస్తుంది. వానలో తడవడం అందరికీ తెలిసిన మార్గమే. తెలియని మార్గం మరొకటి ఉంది. ఏసీ గదిలో చల్లబడిన పరికరాన్ని శ్రావణమాసపు తేమగాలిలోకి ఒక్కసారిగా తెచ్చినపుడు, చల్లని చెంబు చుట్టూ నీటిబిందువులు పట్టినట్లే దాని లోపలి భాగాలపై కూడా సన్నని నీటిపొర ఏర్పడుతుంది. పరికరాన్ని సంచిలోనే ఉంచి, బయటి వేడిమికి సరితూగేవరకు కొంతసేపు ఆగి, ఆ తరువాత తెరిస్తే ఈ ప్రమాదం తప్పుతుంది.

పరికరం తడిసినపుడు దానిని ఆరబెట్టడానికి ఒక క్రమం ఉంది. మొదట స్విచ్చిని ఆపాలి. పనిచేస్తుందో లేదో చూద్దామని మళ్లీ మళ్లీ నొక్కిచూడడం చాలామంది చేసే పొరపాటు. తడిలో విద్యుత్తు ప్రవహిస్తే అతుకులు వేగంగా క్షయిస్తాయి. తరువాత బ్యాటరీలను తీసివేయాలి. పైతడిని పొడిగుడ్డతో అద్దాలి. మూతలన్నింటినీ తెరచి, గాలి ఆడే నీడలో ఒకటి రెండు రోజులు ఉంచాలి. మండుటెండలో పెడితే ప్లాస్టిక్కు వంగుతుంది, తెర దెబ్బతింటుంది. పొయ్యి సెగకు చూపడం అంతకంటె తప్పు. కొందరు తడిసిన పరికరాలను బియ్యపు డబ్బాలో పెడతారు. బియ్యం తేమను పీల్చుకొనేది కొద్దిగానే. దాని తవుడు, పిండి సందులలో చేరి కొత్త చిక్కు తెస్తాయి. అంతకంటె సిలికాజెల్ పొట్లాలు మేలైనవి. రంగుమారే రకం తెచ్చుకొంటే నీలిరంగు గుళికలు తేమను పీల్చుకొన్నాక గులాబీరంగులోకి మారి హెచ్చరిస్తాయి. వాటిని తగినట్లు వేడిచేస్తే తిరిగి పనికి వస్తాయి. గాలి చొరబడని పెట్టెలో ఈ పొట్లాలతోపాటు పరికరాన్ని భద్రపరచాలి. పరికరం తడిగా ఉన్నపుడు మాత్రం ఆ పెట్టెలో మూసిపెట్టరాదు. తడిని లోపలనే బంధించినట్లవుతుంది.

బ్యాటరీల విషయంలో అశ్రద్ధ పనికిరాదు. వాడక లేకుండా నెలల తరబడి లోపలే ఉంచిన ఆల్కలైన్ బ్యాటరీల నుండి క్షారద్రవం కారి, తెల్లని పొరగా గట్టిపడుతుంది. అది లోహపు మొనలను తినివేస్తుంది. అటువంటి పొర కనిపిస్తే చేతులకు తొడుగులు వేసుకొని, వెనిగరులో కొద్దిగా ముంచిన దూదితో తుడవాలి. పిదప ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో శుభ్రపరచి ఆరనివ్వాలి. పాత, కొత్త బ్యాటరీలను కలిపి వాడరాదు. మూతల అంచున ఉండే రబ్బరు వలయాన్ని పరిశీలించి, ఇసుకరేణువులు లేకుండా తుడిచి, తయారీదారు సూచించిన సిలికాన్ గ్రీజును పలచగా రాయాలి. వెంట్రుకంత ఇసుక అడ్డుపడినా ఆ వలయం నీటిని ఆపలేదు.

పరికరాలపై ముద్రించిన ఐపీ సంఖ్యను చదవడం కూడా నేర్చుకోవాలి. ఇది అంతర్జాతీయంగా అంగీకరించిన గుర్తు. రెండంకెలలో మొదటిది ఘనపదార్థాల నుండి, రెండవది నీటి నుండి రక్షణను సూచిస్తుంది. మొదటి అంకె 5 అయితే కొంత దుమ్ము ప్రవేశించినా పనికి ఆటంకం కలగదు. 6 అయితే దుమ్ము అసలే చొరబడదు. రెండవ అంకె 4 అయితే చిలికిన నీటిని తట్టుకొంటుంది. 7 అయితే ఒక మీటరు లోతు నీటిలో 30 నిమిషాల మునకను తట్టుకొంటుంది. తీగచుట్ట నీటిని తట్టుకొన్నంత మాత్రాన పిడిదగ్గరి పెట్టె కూడా తట్టుకొంటుందని భావించరాదు. కొన్ని నమూనాలలో ఒకదానికి ఉన్న రక్షణ మరొకదానికి ఉండదు. పైగా ఈ సంఖ్యలు కొత్త పరికరానికి వర్తిస్తాయి. రబ్బరు గట్టిపడి, మూత వదులైన పాత పరికరం ఆ మాట నిలబెట్టుకోలేదు.

అన్ని తప్పుడు ధ్వనులకూ పరికరమే కారణం కాదని కూడా గుర్తించాలి. ఎర్రనేలకు ఆ రంగునిచ్చేది ఇనుప ఆక్సైడు. అటువంటి నేల తనంత తానే పరికరానికి స్వల్ప సంకేతాన్ని ఇస్తుంది. లవణాలున్న నేల తడిస్తే విద్యుద్వాహకత పెరిగి మరొక రకమైన సంకేతం వస్తుంది. అందుచేత ఎర్రచెల్క నుండి ఇసుకతీరానికి, అక్కడి నుండి అడవి నేలకు మారినపుడెల్లా పరికరాన్ని ఆ నేలకు అనుగుణంగా సవరించుకోవాలి. పని మొదలుపెట్టే ముందు తెలిసిన లోహపుముక్కను తెలిసిన దూరంలో ఉంచి పరీక్షించడం ఉత్తమమైన అలవాటు. నిన్న ఎంత దూరం నుండి పసిగట్టిందో నేడూ అంత దూరం నుండే పసిగట్టాలి. తేడా వస్తే ఆనాడు ఆ పరికరాన్ని నమ్మి అడుగు వేయరాదు. ఈ పరీక్ష ఫలితాన్ని తేదీతో సహా ఒక పుస్తకంలో రాసిపెడితే పరికరం క్రమంగా బలహీనపడుతున్న సంగతి ముందుగానే బయటపడుతుంది.

చేతిలో పట్టుకొనే పరికరాలకే ఈ జాగ్రత్తలు పరిమితం కావు. కృష్ణా పుష్కరాలు 2016 ఆగస్టు 12 నుండి 23 వరకు వానకాలంలోనే జరిగాయి. బీచుపల్లి, సోమశిల, అలంపూరు సమీపంలోని గొందిమళ్ల వంటి చోట్ల భక్తులు స్నానమాచరించారు. 2020 నవంబరు 20 నుండి తుంగభద్ర పుష్కరాలు జరిగాయి. ఇటువంటి జనసమ్మర్దం గలచోట్ల ద్వారబంధం ఆకారంలోని డిటెక్టర్లను నిలపడం పరిపాటి. నదీతీరంలో వాటిని నేరుగా ఇసుకపై నిలిపితే ఒక పక్కకు ఒరుగుతాయి. తోపులాటలో కదిలి తప్పుగా మోగుతాయి. గట్టి చెక్కవేదికపై నిలిపి, పైన కప్పు వేసి, కరెంటు తీగలను నేలకు ఎత్తుగా పోనిచ్చి, ఎర్తింగును సరిచూడాలి. తడిబట్టలతో వచ్చే భక్తుల నుండి కారిన నీరు అడుగున నిలవకుండా చూడాలి. ఇది పరికరానికీ, మనుషులకూ కూడా క్షేమం.

ఈ సాధనానికి మరొక వైపు కూడా ఉంది. గుప్తనిధుల మీది ఆశతో పాత గుడులను, కోటలను తవ్వేవారు దీనిని దుర్వినియోగం చేస్తున్నారు. అలంపూరులో బాదామి చాళుక్యులు నిర్మించిన నవబ్రహ్మాలయాలు ఉన్నాయి. శ్రీశైలం జలాశయంలో మునిగిపోవలసిన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయీ విప్పి అలంపూరుకు తరలించి తిరిగి నిలబెట్టారు. ఒక తరం అంత శ్రమకోర్చి కాపాడిన సంపదను మరొక తరం దురాశతో తవ్విపోయడం క్షమించరానిది. భూమిలో నిధి దొరికితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టం చెబుతున్నది. రక్షిత కట్టడాలలో అనుమతి లేకుండా తవ్వడం 1958 నాటి చట్టం ప్రకారం నేరం. సాధనాన్ని దుమ్ము నుండి కాపాడినట్లే దురుద్దేశం నుండి కూడా కాపాడాలి.

మన పెద్దలు ఆయుధపూజనాడు కొడవలిని, నాగలిని, తక్కెడను కడిగి బొట్టుపెట్టి పూజిస్తారు. అన్నం పెట్టే సాధనాన్ని ఏడాదికొకసారైనా శ్రద్ధగా చూడాలన్న బోధ అందులో ఉంది. ప్రాణాన్ని కాపాడే సాధనానికి ఏడాదికొకనాటి శ్రద్ధ చాలదు. ప్రతిదినం సాయంకాలం పది నిమిషాలు చాలు: విప్పడం, తుడవడం, ఆరబెట్టడం, పరీక్షించడం, రాసిపెట్టడం. అలసి వచ్చిన మనిషికి ఆ పది నిమిషాలు బరువుగానే తోస్తాయి. కాని మరునాడు ఉదయం ఆ పరికరాన్ని నమ్ముకొని దారిలో అడుగు వేసే మనిషి వేరొకరు కావచ్చు. ఆ మనిషి క్షేమం, ముందునాటి సాయంకాలపు ఆ శ్రద్ధ మీదనే ఆధారపడి ఉంటుంది.

కఠినపదాలు – అర్థాలు

పుట్టుపూర్వోత్తరాలు = మొదటి నుండి జరిగిన చరిత్ర
వాహకం = విద్యుత్తును ప్రవహింపనిచ్చే పదార్థం
పెడచెవిన పెట్టు = వినిపించుకోకుండా ఉండు
చెల్క = ఎర్రని తేలికపాటి నేల
చెమ్మ = తడి, తేమ
క్షయించు = క్రమంగా నశించు
జనసమ్మర్దం = జనుల ఒత్తిడి, రద్దీ
పరిపాటి = వాడుక, అలవాటు

అభ్యాసం

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. లోహశోధినిని దుమ్ము, ఇసుక, తడి నుండి ఎట్లా రక్షించుకోవాలో వివరించండి.
2. లోహశోధిని పుట్టుపూర్వోత్తరాలను, అది పనిచేసే తీరును తెలియజేయండి.

లఘు సమాధాన ప్రశ్నలు
1. గార్‌ఫీల్డ్ విషయంలో గ్రహంబెల్ పరికరం ఎందుకు విఫలమైంది?
2. తడిసిన పరికరాన్ని ఆరబెట్టే క్రమాన్ని రాయండి.
3. ఎర్రనేలలో పరికరాన్ని సవరించుకోవలసిన అవసరమేమిటి?

ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. నడిగడ్డ అని దేనిని పిలుస్తారు?
2. ఐపీ సంఖ్యలోని మొదటి అంకె దేనిని సూచిస్తుంది?
3. భూమిలో నిధి దొరికితే ఎవరికి తెలియజేయాలి?